యాభయ్యో నంబరు

ఆ క్లినిక్‌లో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుంది" అనేవాడు గనుక అందరికీ చిటికె. ముందు గదిలో రోగుల వివరాలు ఎక్కించుకునే కంప్యూటరు బల్ల అతనిది. ఆ ఉద్యోగం ఇప్పించింది బావ, అంటే పెద్దక్క భర్త. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తున్న మనిషి. ఆయన సూది గుచ్చితే చంటిపిల్లలు ఏడవడం మరిచిపోతారని పేరు. కంప్యూటరు ముందు మాత్రం అత్తారింట్లో కొత్త అల్లుడిలా బిగుసుకుపోయేవాడు.

డాక్టరమ్మ మేడ మీది తన గదిలోంచే చిటికె కంప్యూటరులోని పాత వివరాలు తెరిచి చూసుకునేది. అయితే పొద్దున్నే రౌటర్ వేయగానే అది చిటికె కంప్యూటరుకు ఐపీ అడ్రసుగా, అంటే మిగతా కంప్యూటర్లు దాన్ని వెతికి పట్టుకునే గుర్తుగా, తనకు తోచిన నంబరేదో ఇచ్చేది. నిన్నటి నంబరు ఇవాళ ఉండదు. డాక్టరమ్మ తెర మీద ఏమీ తెరుచుకోదు.

"దీనికి మారని నంబరొకటి ఇచ్చేస్తే ఈ గొడవ వదిలిపోతుంది మేడమ్. చిటికెలో పని," అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చున్నాడు. ల్యాబ్ కంప్యూటరు ఆపేసి బావ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. చిటికె నెట్‌వర్క్ సెట్టింగులు తెరిచి, నంబరు దానంతటదే వచ్చే పద్ధతి తీసేసి, చేత్తో ఇచ్చే పద్ధతి పెట్టాడు. సబ్‌నెట్ మాస్క్ గడిలో మామూలుగా అందరూ పెట్టేదే, మూడుసార్లు రెండువందల యాభై అయిదు, చివర సున్నా. గేట్‌వే గడిలో రౌటర్ నంబరు, కింది డీఎన్ఎస్ గడిలోనూ అదే. ఇక మిగిలింది ఈ కంప్యూటరు సొంత నంబరు.

"ఒరేయ్, ల్యాబ్ బీరువా తలుపు లోపల కంప్యూటర్ల నంబర్ల కాగితం అతికించి ఉంది. ఇవన్నీ బిగించినతను రాసిచ్చాడు. ఒకసారి చూసి పెట్టు," అన్నాడు బావ.

"రెండొందల పైన నంబర్లున్నాయి బావా. మనకొక్కటి దొరక్కపోతుందా?" అని నవ్వి, గుర్తుండేలా చివర యాభై కొట్టాడు చిటికె.

పైకెళ్ళి డాక్టరమ్మ కంప్యూటరులో ఆ నంబరు ఎక్కించగానే వివరాలు టక్కున తెరుచుకున్నాయి. ఆవిడ భుజం తట్టింది. అతను కాస్త ఉబ్బాడు.

ఆ మధ్యాహ్నం నుంచే ల్యాబ్‌లో మొదలైంది తంటా. పరీక్షల ఫలితాలు ల్యాబ్ కంప్యూటరు నుంచి డాక్టరమ్మకు వెళ్ళాలి. అవి వెళ్ళడం మానేశాయి. బావ ప్రతి గంటకూ కాగితాల మీద రాసుకుని మెట్లెక్కి ఇచ్చి వచ్చేవాడు.

"తెర మూలన చిన్న పెట్టొకటి వచ్చి పోతోందిరా. ఇంగ్లీషులో ఏదో ఉంది. చదివే లోపే మాయమవుతోంది."

"అలాంటివి వస్తుంటాయిలే బావా," అన్నాడు చిటికె, తల ఎత్తకుండానే.

పది రోజులకు ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఫలితం కోసం మూడు గంటలు కూర్చుంది. రాసిచ్చిన కాగితం దారిలో ఎక్కడో జారిపోయింది. డాక్టరమ్మ మండిపడుతూ ముందు గదిలోకి వచ్చింది. "ఆ కంప్యూటరుకేం రోగం, చిటికె?"

"దానికేం కాలేదు మేడమ్. బావే ఏదో ఒకటి నొక్కేస్తున్నాడు."

బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డ బావ తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

మర్నాడు ల్యాబ్ కంప్యూటరు కొత్తగా చేరిన అమ్మాయి చేతికి పోయింది. బావకు గాజు గొట్టాలు కడిగే పని మిగిలింది. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మీ బావకేమైందిరా? టీవీ రిమోటు కూడా ముట్టుకోవడం లేదు. నన్నే మార్చమంటున్నారు."

"ఏమో అక్కా," అన్నాడు.

అమ్మాయి వచ్చినా తంటా పోలేదు. మూడో రోజు ఆమె చూపు చురుకుగా పనిచేసింది. "అన్నా, ఈ పెట్టెలో ఏముందో తెలుసా? ఈ నంబరు ఇంకో కంప్యూటరు కూడా వాడుతోందట."

చిటికె చేతిలో పని వదిలేశాడు. మందుసీసా వెతుకుతున్నట్టు వెళ్ళి ల్యాబ్ బీరువా తెరిచాడు. తలుపు లోపలి కాగితంలో మూడో వరుస. ల్యాబ్, యాభై. తను ముందు గదిలో ఏడింటికే కంప్యూటరు వేస్తాడు. ల్యాబ్‌ది ఎనిమిదింటికి మేలుకుని, తన నంబరు ఇంకొకరి దగ్గర ఉందని చూసి, గొంతు పోయినట్టు ఊరుకుంటోంది. బావ ఏమీ నొక్కలేదు. అసలు ఏమీ నొక్కలేదు.

ఎవరూ చూడకుండా తన కంప్యూటరుకు, కాగితంలో లేని నంబరు చూసి, రెండువందల పది పెట్టాడు. రెండు కంప్యూటర్లూ ఆపి మళ్ళీ వేశాడు, డాక్టరమ్మ గదిలోనూ కొత్త నంబరు ఎక్కించాడు. ఫలితాలు గలగలా వెళ్ళిపోయాయి. డాక్టరమ్మ పైనుంచే కేక వేసి మెచ్చుకుంది. గొట్టాలు కడుగుతున్న బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ముఖం నిండా నవ్వు.

"నీ చెయ్యి పడితే గాని లొంగలేదు చూడు! నావల్ల ఎంతమందికి ఇబ్బందైందో."

ఆ మాటకు చిటికె తల నేలకు వాలిపోయింది. బావ తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. రెండు రోజులు బావకు ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాడు. మూడో రోజు పంపు దగ్గర బావ పక్కన నిలబడి, నీళ్ళ చప్పుడులో మొత్తం చెప్పేశాడు. కాగితంలో ల్యాబ్ పక్కన యాభై ఉన్న సంగతి కూడా.

బావ పంపు కట్టేశాడు. చేతిలోని గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"పదిమందిలో అన్నావు. పదిమందిలోనే చెప్పు."

మర్నాడు పొద్దున, బెంచీలు నిండి ఉండగా, డాక్టరమ్మను పిలిచి చెప్పాడు చిటికె. ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ నేరుగా ల్యాబ్‌లోకి వెళ్ళి, "నాదే పొరపాటు, మిమ్మల్ని అడగకుండానే నమ్మాను. మీ కుర్చీలో మీరు కూర్చోండి," అంది బావతో.

ఆ ఆదివారం అక్క భోజనానికి రమ్మంది. వెళ్ళక తప్పలేదు. బావ ఏమీ జరగనట్టే పక్కన కూర్చుని, అడగకుండానే అతని కంచంలో మారు కూర వడ్డించాడు. చిటికె ఆ కూర వంకే చూస్తూ తిన్నాడు. తల ఎత్తితే బావ కళ్ళు కనిపిస్తాయని.