మడి కట్టిన గోలీ

అశోక్‌నగర్‌లో ఉమాకాంత్ ఇంట్లో కుక్క కూడా శాకాహారే. కనీసం ఆయన భార్య అరుంధతి ఆ నమ్మకం మీదే బతుకుతోంది. కుక్క పేరు కేసరి. దానికి రోజూ పెరుగన్నం, పండగైతే పప్పులో నెయ్యి చుక్క, ఏకాదశి నాడు ఒంటిపూట. చిక్కడపల్లి గుళ్లో ప్రదక్షిణలు చేస్తూ అరుంధతి ఈ సంగతి చెబితే, వినేవాళ్లు ఆ కుక్క పూర్వజన్మ పుణ్యాన్ని మెచ్చుకునేవాళ్లు. అదే కేసరి సాయంత్రం వాకింగ్ వంకతో ఉమాకాంత్‌ను పక్క సందులోకి లాక్కెళ్లి, అక్కడ కడుతున్న అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య మాసమ్మ పెట్టే కోడికాళ్లు కరకరా నమిలేది. ఉమాకాంత్ ఆకాశం చూస్తూ నిలబడి, తర్వాత దాని మూతి తన జేబురుమాలుతో తుడిచి ఇంటికి తెచ్చేవాడు. ఇన్నేళ్ల సంసారంలో ఆయన బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

చిక్కంతా గోలీతో వచ్చింది. దోమ కుట్టినప్పుడు కుక్క ఒంట్లోకి పిల్లపురుగులు దిగుతాయనీ, పెరిగాక గుండెలోనే కాపురం పెడతాయనీ చెప్పి, నారాయణగూడ డాక్టర్ ఉదయశ్రీ నెలకొక నమిలే గోలీ రాసింది. అరుంధతి డబ్బా మీద ఆకుపచ్చ చుక్క కోసం వెతికింది. అది లేదు, మాంసం రుచి అని మాత్రం ఉంది. ఏ మాంసమో రాసిన చోటును ఉమాకాంత్ ముందే గోటితో గీకేశాడు.

"ఇది నా వంటింట్లకు వచ్చేది లేదు" అంది అరుంధతి.

"మందు గదనే."

"మందైతే ఏంది? శుద్ధి చేసే పెడ్త."

శుద్ధి అంటే గోలీని రాత్రంతా పసుపు నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఆ నీళ్లు సింకులో పారబోసి, మెత్తబడ్డదాన్ని వాసన పోయేదాకా కడిగి, గుడ్డలో పిండి, మిగిలిన పిప్పిని పెరుగన్నంలో కలపడం. వాసనతోపాటు మందు మాత్రం పోకుండా ఉంటుందా అని ఉమాకాంత్‌కు ప్రతి నెలా నాలుక చివరిదాకా వచ్చేది. అడిగితే మాట మాంసం మీదికి, అక్కణ్నుంచి మాసమ్మ మీదికి పోతుందని మింగేసేవాడు.

చలి మొదలయ్యాక కేసరికి దగ్గు పట్టుకుంది. ఒకరోజు మెట్లెక్కలేక మధ్యలోనే కూలబడింది. ఉమాకాంత్ ఎత్తుకుంటే దాని గుండె ఆయన అరచేతికి దడదడా తగిలింది. ఆయనకు చచ్చేంత భయమేసింది.

"గోలీలు టైముకు వేస్తున్నరా?" అడిగింది ఉదయశ్రీ.

"మా అంత శుభ్రంగ ఎవ్వరు వెయ్యరు డాక్టర్" అని అరుంధతి శుద్ధి అంతా పులిహోర చేసే పద్ధతి చెప్పినట్టు చెప్పింది.

ఉదయశ్రీ పెన్ను కింద పెట్టింది. "ఇన్ని నెలలు మీ సింకుకు గుండెపురుగు రాకుండ చూసుకున్నరమ్మా. ఇప్పుడు కుక్క సంగతి చూద్దాం."

కేసరి కాలి నుంచి కాస్త రక్తం తీసి, పరీక్ష కిట్టులో చుక్కలు వేసింది. ఒక గీత వస్తే పురుగు జాడ లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు.

"ఉంటే?" అన్నాడు ఉమాకాంత్.

"వైద్యం ఉంది గని చానా కష్టం. చచ్చిన పురుగులు రక్తనాళాల్ల అడ్డం పడ్తయి. నెలల తరబడి ఉరకకుండ కట్టేసి కాపాడుకోవాలె. అప్పుడు గూడ గ్యారంటీ లేదు."

మొదటి గీత తేలింది. రెండోదాని చోటు తెల్లగానే ఉంది, కానీ ఇంకా కాసేపు ఆగాలంది డాక్టర్. అరుంధతి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనేం తప్పు చేసిన? మడిగ పెంచుకున్న గదా."

ఉమాకాంత్ లోపల ఏదో తెగింది. "ఏం మడి! రోజు పొద్దుగూకంగనే మాసమ్మ కాడ కోడికాళ్లు నములుతది. నువ్వేమో గోలీ కడుగుతవ్!"

ఉదయశ్రీ శ్రద్ధగా ఫ్యాను వైపు చూసింది.

"మీకెట్ల తెలుసు?" అంది అరుంధతి.

"తీస్కపోయేది నేనే."

"అన్ని తెలిసి, నేను గోలీ కడుగుతుంటే ఎందుకు ఊకున్నరు?"

ఉమాకాంత్ కిట్టు వైపు తిరిగాడు. ఆమె తెలియక చేసింది. తను తెలిసి పక్కనే నిలబడి చూశాడు. ఇంతకన్నా ఆమె నాలుగు తిట్లు తిడితే బాగుండేదనిపించింది.

చివరికి ఒక్క గీతే మిగిలింది. దగ్గు గొంతు ఇన్ఫెక్షన్‌దేనంది ఉదయశ్రీ. "అయితే లేత పురుగులు ఈ టెస్టుల దొరకయి. ఆర్నెల్లకు మళ్లీ తీస్కరావాలె. అంతవరకు నెల తప్పొద్దు. ఇయ్యాల్టిది నా ముందటనే వెయ్యిండ్రి. కడగకుండ."

ఉమాకాంత్ చెయ్యి చాపేలోపు అరుంధతి గోలీ అందుకుంది. ఒట్టి అరచేతిలో పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని చాచింది. కేసరి ఒక్క ఊపున నమిలి, మణికట్టు దాకా నాకింది. ఉమాకాంత్ అలవాటుగా జేబురుమాలు ఇచ్చాడు. ఆమె రుమాలు వాసన చూసి తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

ఆటో నారాయణగూడ ఫ్లైఓవర్ దాటింది. కేసరి ఇద్దరి మధ్య నిద్రపోతోంది.

"కడగొద్దని ఒక్క మాట అంటే అయిపోతుండె గదండి."

"భయమైంది."

"దానికేమన్న అయితదని భయం కాలేదా?"

ఉమాకాంత్ తల వంచుకుని కేసరి చెవులు నిమిరాడు. అరుంధతి గోలీ పెట్టిన చెయ్యి ఇంకా కడుక్కోలేదు. దాన్నే కుక్క వీపు మీద వేసింది.

"రేపు ఏకాదశి," అంది. "రేపొక్కరోజు వద్దని మాసమ్మకు చెప్పిరాండ్రి."