ఎవరింటి డబ్బా?

కృష్ణయ్య బేకరీ వెనక రేకుల షెడ్డులో, పొద్దున తొమ్మిదింటికి వరసలో ఆరోదిగా పెట్టిన కురుమమ్మ డబ్బా పదకొండయ్యేసరికి పద్నాలుగోది అయింది. వరస అన్నాక ముందుకు జరగాలి. వెనక్కి జరిగే వరస ఎక్కడైనా ఉందా అంటే నారాయణగూడలో ఉంది, వచ్చి చూసుకోవచ్చు.

ఎండాకాలం సెలవులు అయిపోయే రోజులవి. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ఇళ్లలోని ఆడవాళ్లు మైదా, చక్కెర, డాల్డా, కలిగినవాళ్లయితే నెయ్యి, ఒక రేకు డబ్బాలో సర్దుకుని బేకరీకి వస్తారు. పనివాళ్లు ఆ పిండి కలిపి, అచ్చు గుద్ది, బట్టీలో కాల్చి, బిస్కెట్లు మళ్లీ అదే డబ్బాలో నింపి ఇస్తారు. కూలి ఇచ్చి తెచ్చుకోవడమే. తమ నెయ్యి ఇంకొకరి పిండిలో పడుతుందేమోనని డబ్బా తెచ్చినవాళ్లు బల్ల మీద కూర్చుని కళ్లలో వత్తులేసుకుని చూస్తుంటారు. నీళ్లు తాగడానికి లేచినా ఫరవాలేదు. డబ్బా వరసలో ఉంటే మనిషి ఉన్నట్టే. ఏళ్ల తరబడి అక్కడ నడుస్తున్న న్యాయం అది, కురుమమ్మ డబ్బా వచ్చేవరకు.

కురుమమ్మది పాలమూరు జిల్లా. మొగుడు ఎంకయ్యతో కలిసి ఆరేళ్లుగా ఈ వీధుల్లోనే ఇటుకలు మోస్తోంది. ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు లేస్తుంటే, దాని కిందే రేకులు అడ్డం పెట్టుకుని ఉంటున్నారు. కూతురు స్వర్ణ నాగర్‌కర్నూల్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది, ఈసారి తొమ్మిదో తరగతి. తెల్లారితే ఇమ్లీబన్‌లో బస్సెక్కాలి. నిరుడు ఆ పిల్ల వెంట కట్టిచ్చిన జొన్నరొట్టెలు నాలుగో రోజుకే బూజు పట్టాయి. తోటిపిల్లలు పెట్టెల్లోంచి బిస్కెట్ల డబ్బాలు తీసి తింటుంటే స్వర్ణ దుప్పటి ముసుగు పెట్టి నిద్ర నటించిందట. ఆ సంగతి స్వర్ణ చెప్పలేదు. ఇంకో పిల్ల తల్లి సంతలో కనబడి చెప్పింది. ఈసారి బిడ్డ చేతిలో బిస్కెట్ల డబ్బా లేకుండా బస్సు ఎక్కించేది లేదని కురుమమ్మ ఆ రోజే అనుకుంది.

అందుకని ఈ వారం నాలుగు సాయంత్రాలు తల్లీకూతుళ్లు బేకరీల చుట్టూ తిరిగారు. ఆరేళ్లుగా ఆ దుకాణాల ముందు నుంచి నడుస్తున్నా కురుమమ్మ ఒక్కదాంట్లోనూ అడుగు పెట్టింది లేదు. మొదట నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటలుకు పోయారు. గల్లా దగ్గరి పెద్దాయన తాత ఎప్పుడో ఇరాన్ నుంచి ఓడెక్కి వచ్చాడట. బయటి పిండి మేం కాల్చం అన్నాడు గానీ ఊరికే పంపలేదు. ఇద్దరికీ చాయ్ పోయించి, ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్ చెరొకటి చేతిలో పెట్టించాడు. వట్టి జొన్నపిండి విరిగిపోతుంది, సగానికి సగం మైదా కలుపు అని చెప్పాడు.

చిక్కడపల్లిలో బేకరీ నడిపే కేరళ ఆయన తన బ్రెడ్డుకే బట్టీ చాలడం లేదన్నాడు. పక్కన మూకుట్లో కొబ్బరినూనెలో అరటికాయ ముక్కలు వేగుతున్నాయి. స్వర్ణ ముందు ముక్కు మూసుకుంది, రుచి చూడమని నాలుగు చేతిలో పోస్తే తిని, ఇంకో నాలుగు అడిగింది. అశోక్‌నగర్ మలుపులో అయ్యంగార్ల బేకరీ వాళ్లది కర్ణాటక. వాళ్లు గుడ్డు ముట్టరు, బయటి పిండి బ్రహ్మదేవుడు తెచ్చినా లోపలికి రానివ్వరు. అయినా బెల్లం దంచి జల్లెడ పట్టు, లేకపోతే బిస్కెట్‌కు మచ్చలు పడతాయి అని చెప్పి పంపారు. పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసిన వాళ్ల కారం బన్ను తల్లీకూతుళ్లు రోడ్డు మీద నిలబడి సగం సగం తిన్నారు. పక్కనే మార్వాడీ కొట్లో కచోరీలు వేగుతున్నాయి.

"ఒక్క బజార్ల ఇన్ని దేశాలున్నయా బిడ్డ!" అంది కురుమమ్మ నోరు చప్పరిస్తూ.

లేదన్న ప్రతివాడూ అందరికీ చెప్పినట్టే లేదన్నాడు. నువ్వెవరింటి మనిషివని ఒక్కడూ అడగలేదు. కృష్ణయ్య దగ్గర కాలుస్తారు, మీ వైపు మనిషే, అక్కడికి పొమ్మని దారి చెప్పింది కూడా ఆ ఇరానీ పెద్దాయనే. నిజమే, కృష్ణయ్య తండ్రి షాద్‌నగర్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. భాష తెలిసినవాడు, మన జిల్లావాడు అనుకుంటూ కురుమమ్మ తలంటు పోసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, ఆ పూట పని మానుకుని, స్వర్ణను వెంటబెట్టుకుని వచ్చింది.

డబ్బా పెట్టగానే కృష్ణయ్య అడిగాడు.

"ఎవరింటి డబ్బా?"

"మాదేనన్నా."

"అదే, ఎవరింటిది? ఏ అమ్మ పంపింది?"

"ఎవలు పంపలే. మాదే. నా బిడ్డకు."

కృష్ణయ్య ఆమెను కింద నుంచి పైదాకా చూశాడు. సిమెంటు తిని పగిలిన మడమలు మంచి చీర కింద నుంచి కనబడుతూనే ఉన్నాయి. సరే కూర్చోమన్నాడు. ఆ తర్వాత ఎవరి డబ్బా వచ్చినా కురుమమ్మ డబ్బాను కాలితో ఇంత వెనక్కి నెట్టి, ఆ సందులో దాన్ని పెట్టడం మొదలైంది. మొదటిసారి పొరపాటనుకుంది. రెండోసారి "అన్నా, నాది ముందటిది" అంది. మూడోసారి లేచి నిలబడింది.

"జర ఆగమ్మా, వాళ్లు రోజూ వచ్చెటోళ్లు. వాళ్లవి అయిపోని, నీది చూస్త" అన్నాడు కృష్ణయ్య.

బల్ల మీద ముందు కూర్చున్న రత్నమాలకు చిక్కడపల్లిలో రెండంతస్తుల ఇల్లుంది. ఆమె కురుమమ్మ డబ్బా మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది.

"జొన్నపిండి గూడ కలిపినట్టున్నరు. దానికి ఏ నీళ్లు తగిలినయో, ఎవరెవరి చేతులు తగిలినయో. మా పిల్లలు తినేటివి. అదే తొట్టిల కలుపుతవా కృష్ణయ్యా?"

కురుమమ్మకు ఒళ్లు భగ్గుమంది. ఏ చేతులట! ఆ రత్నమాల ఇంటి మీది రెండో అంతస్తుకు ఇటుకలు ఎక్కింది ఏ చేతుల మీద? గోడలకు నీళ్లు కొట్టింది ఏ చేతులు? ఆ గోడల మధ్య నిద్రపోవడానికి అభ్యంతరం లేదు గానీ, ఆ చేతులు తగిలిన పిండి పక్కన తన పిండి కాలితే మైల పడిపోతుందా? ఇరాన్ నుంచి వచ్చినవాడు ఈ ఊరివాడే. కేరళవాడు, కర్ణాటకవాడు, మార్వాడీ అందరూ ఈ ఊరివాళ్లే, ఉండాలి కూడా. మూడు గంటల బస్సు దూరం నుంచి వచ్చి, ఊరిని తలమీద మోసి కట్టిన కురుమమ్మ మాత్రం ఆరేళ్లయినా బయటిదే! ఈ మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. పక్కన స్వర్ణ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెల్లారితే బస్సు. కురుమమ్మ మాటలన్నీ మింగి కూర్చుంది. బట్టీ ఉంది, కాల్చేవాడున్నాడు, పిండి ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టుంది వ్యవహారం.

పన్నెండు దాటాక నళిని, పొద్దున పంపిన తన డబ్బా కోసం వచ్చింది. అపార్ట్‌మెంటు పక్క ఇల్లు ఆమెది. భర్త గోవర్ధన్ బ్యాంకులో పని చేస్తాడు. మంచి మనిషి. కురుమమ్మకు తాగే నీళ్లు వాళ్ల కొళాయి నుంచే. బిస్కెట్లకు ఏది ఎంత వెయ్యాలో కొలతలు చెప్పింది, ఖాళీ డబ్బా ఇచ్చింది కూడా ఆమే.

"అయ్యో, ఇంకా కాలేదా కురుమమ్మా? పొద్దుననగ వచ్చినవ్ కదా!" అని నళిని నొచ్చుకుంది. కృష్ణయ్య దగ్గరికి పోయి ఏదో మాట్లాడింది. అంతే, అప్పటిదాకా కాళ్లతో నెట్టిన డబ్బాను కృష్ణయ్య రెండు చేతులా ఎత్తుకుపోయాడు. బట్టీ పనివాడు లక్ష్మయ్య పిండి తొట్టిలో పోసి కలిపాడు. నువ్వులు వేసి, గుండ్రటి అచ్చు గుద్ది, ట్రేలో వరసలు పేర్చాడు. స్వర్ణ మొహం వెలిగిపోయింది. రత్నమాల మొహం తిప్పుకుంది.

కురుమమ్మ దణ్ణం పెట్టినంత పని చేసింది. "సల్లగుండు నళినమ్మా."

పిండి తొట్టిలో పడగానే ఖాళీ డబ్బా మీద పేరు చీటీ అతికించడం అక్కడి పద్ధతి. ఏ ట్రే ఏ డబ్బాకు పోవాలో తెలియాలి కదా. డబ్బాలన్నీ బట్టీ పక్కన గోడకు వరసగా ఉన్నాయి. స్వర్ణకు అక్షరం కనబడితే చదివే అలవాటు. ఒక్కొక్కటే చదువుతూ పోయి తమ డబ్బా దగ్గర ఆగిపోయింది.

"ఏం రాసిండ్రు బిడ్డ?" అంది చదువు రాని కురుమమ్మ మురిపెంగా.

స్వర్ణ నేలచూపులు చూసింది. రెండోసారి అడిగితే మెల్లగా చెప్పింది. "నళిని గారి పనిమనిషి."

కురుమమ్మకు ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. నళిని వైపు తిరిగింది.

"నళినమ్మా, నేనెప్పుడన్న మీ ఇంట్ల బాసాన్లు తోమిన్నా?"

నళిని గాభరా పడింది. "అట్ల చెప్తే తొందరగా అయితదని చెప్పిన కురుమమ్మా. నా డబ్బాతో కలవకుండ గట్ల రాయమన్న. నీ మంచికే కదా."

"తోమెటోళ్లను తక్కువ జేస్తలేనమ్మా. ఆళ్ల పని ఆళ్లది. గని నేను గాదు గద! పొద్దుగాల్ల నాది అంటె ఎనుకకు నూకిండ్రు. మీది అనంగనె ఎత్తుకపోయిండ్రు. అదే డబ్బ, అదే పిండి!" కృష్ణయ్య వైపు తిరిగింది. "అన్నా, పేరు మార్వు. కురుమమ్మ అని రాయి."

"పేరుదేముందమ్మా? బిస్కెట్లు కాలుతయా లేదా? తిన్నంక పేరు కనబడతదా?" అన్నాడు కృష్ణయ్య నవ్వుతూ.

"పేరుదేం లేకుంటె మార్వు మరి."

కృష్ణయ్య నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆయనతో ఆ మాట అన్నవాళ్లు లేరు. "మారిస్తె నీ వంతు ఎనుకకు పోతది. సాయంత్రమైనా నేను జిమ్మేదార్ కాదు" అన్నాడు. బల్ల మీద ఎవరో 'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది' అన్నారు. నళిని కూడా "పంతానికి పోకు కురుమమ్మా, పిల్ల పొద్దుగాల పోవాలె" అంది, ఈసారి కొంచెం కోపంగా. తాను మంచి చేస్తే తనకే మాట వచ్చిందని ఆమె బాధ.

కురుమమ్మ కూతురి వైపు చూసింది. "బిస్కెట్లు గావాల్నా?"

స్వర్ణ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల ఊపింది. కావాలి. ఎందుకు వద్దంటుంది!

"అయితె నా పక్కన నిలబడు."

బట్టీ నోటికి ఎదురుగా ఏడెనిమిది అడుగుల జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. లక్ష్మయ్య చేతిలోని కర్ర పార అంత పొడుగు. దాన్ని వెనక్కి లాగితేనే లోపలి ట్రేలు బయటికి వస్తాయి. బిస్కెట్లు పది నిమిషాలకు మించి బట్టీలో ఉంటే బొగ్గులే. ఆ లెక్క పొద్దుటినుంచీ కూర్చుని చూసిన కురుమమ్మకు బాగా తెలుసు. కొంగు నడుముకు దోపి, పోయి సరిగ్గా ఆ జాగా మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. లోపల రత్నమాలవి, త్రివేణి అనే టీచరమ్మవి, ఇంకెవరెవరివో ట్రేలు కాలుతున్నాయి. కురుమమ్మ ట్రే ఇంకా బయటే ఉంది, లోపలివాటిలో సగం ఆమె తర్వాత వచ్చినవే.

"అక్కా, లే. ట్రేలు తియ్యాలె" అన్నాడు లక్ష్మయ్య పార పట్టుకుని.

"నా పేరు రాస్తె లేస్త."

కృష్ణయ్య అరిచాడు. పోలీసులను పిలుస్తానన్నాడు. పిలువమంది. బట్టీ సెగ మొహానికి కొడుతున్నా కదల్లేదు. మే నెల ఎండలో సెంట్రింగు మీద నిలబడే మనిషికి బట్టీ సెగ ఒక లెక్కా? ముందు నెయ్యి వాసన వచ్చింది. తర్వాత కమ్మటి వాసన. ఆ తర్వాత అందులోకి ఇంకో వాసన దూరింది. బల్ల మీదివాళ్లంతా ఒక్కసారి లేచారు.

"రాయవయ్యా ఆ పేరేదో! నా నెయ్యంత మాడిపోతున్నది!" అని అందరికంటే ముందు కేక పెట్టింది రత్నమాల. ఏ చేతులు తగిలాయోనన్న చింత ఆమెకు అప్పుడు గుర్తే లేదు.

కృష్ణయ్య పళ్లు కొరుకుతూ కొత్త చీటీ రాశాడు. పాతది పీకేసి, మైదా జిగురు అద్ది, డబ్బాకు గట్టిగా ఒత్తాడు. "ఇగో, రాసిన. ఇంక లే తల్లీ, నీకో దండం."

కురుమమ్మ ఒక చెయ్యి నేలకు ఆన్చి లేచింది. "సదువు బిడ్డ."

స్వర్ణ చదివింది. "కురుమమ్మ."

"మంచిగ రాసిండా?"

స్వర్ణ ఒక అడుగు ముందుకు వేసింది. పక్క డబ్బాలన్నీ ఇంకోసారి చూసింది. రత్నమాల గారు. త్రివేణి గారు. నళిని గారు. అప్పుడు తలెత్తి, షెడ్డులో అందరికీ వినబడేలా చెప్పింది.

"అందరికి గారు అని రాసిండమ్మా. నీకే రాయలే."

లక్ష్మయ్య అప్పటికే పార లోపలికి దూర్చాడు. కురుమమ్మ మళ్లీ కూర్చుంది.