నాలుగో మెట్టు

పొద్దున తొమ్మిదిన్నరకి ఊడ్చే అత్త మెట్లన్నీ తుడిచి, కింద గోడవార ఒంటి చెప్పుల బుట్ట పెట్టిందంటే ఆ కాలేజీ ఆర్థికశాస్త్ర విభాగంలో పని మొదలైనట్టే.

ఆ మెట్లు ముప్ఫై ఆరు, మెట్టుకో పాఠం. పాఠం ఒంటపట్టినవాళ్లకి మెట్టు రాయిలా నిలబడుతుంది. పట్టనివాళ్లకి కాలు మోకాలిదాకా దిగబడిపోతుంది. కింద గదుల్లో కొరత, ఎంపిక, గిరాకీ, సరఫరా లాంటి మూలసూత్రాలు. మొదటి అంతస్తులో లెక్కలు, గణాంకాలు. రెండోదాంట్లో పెద్ద పెద్ద సిద్ధాంతాలు. మూడోదాంట్లో వాటన్నిటినీ బస్సు చార్జీల మీదా, ఇంటద్దెల మీదా, ఆస్పత్రి క్యూల మీదా ప్రయోగించి చూడటం. పరీక్షల వారంలో బట్టీ వీరుల్ని అత్తే జబ్బ పట్టి పైకి లాగేది. కాలొచ్చేది గానీ చెప్పొచ్చేది కాదు. రెండ్రోజులకి మెట్టే దాన్ని బయటికి ఉమ్మేసేది. పిల్లల్ని చేర్పించడానికొచ్చిన తల్లిదండ్రులు ఇదంతా విని, "సరేగానీ, మంచినీళ్లు బాగానే వస్తాయా?" అని అడిగేవాళ్లు. అత్త మాత్రం ఏ డిగ్రీ లేకుండానే ముప్ఫై ఆరూ చకచకా ఎక్కేసేది. "ఊడుస్తూ వింటాను కదా, నాకు చెవుల్లేవా?" అనేది.

ఎక్కలేనిదల్లా పునాది మాస్టారే! ఇరవై ఎనిమిదేళ్లుగా మొదటి ఏడాది పిల్లలకి మూలసూత్రాలు చెబుతున్న మనిషి నాలుగో మెట్టు దగ్గర దిగబడిపోతారు. ఆ మెట్టు పేరు అవకాశ వ్యయం. ఒకటి ఎంచుకున్నప్పుడు, దానికోసం వదులుకున్నవాటిలో అన్నిటికన్నా మేలైనదేదో అదే మనకి పడిన అసలు ఖరీదు. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. లోపం నిర్వచనంలోనే ఉందనుకుని పాపం పదిహేడుసార్లు తిరగరాశారు. తిరగరాసినప్పుడల్లా దాన్ని వల్లెవేస్తూ కాలు పెట్టడం, బుట్టలోకి ఇంకో చెప్పు చేరడం.

మూడో అంతస్తు మేడమూ ఆయనా ఒకే వారంలో ఉద్యోగంలో చేరారు. ఏడాది తిరక్కుండానే ఆవిడ కిందికి దిగొచ్చి సూటిగా అడిగేసింది. "మనం పెళ్లి చేసుకుందామా?"

మాస్టారు అప్పుడు నోట్సు సగంలో ఉన్నారు. "ఆలోచించుకుని చెబుతానండీ" అన్నారు.

"సరే. నేను దిగొచ్చి అడిగాను కాబట్టి మీరు ఎక్కొచ్చి చెప్పండి" అని ఆవిడ వెళ్లిపోయింది.

అంతే! అప్పట్నించీ మధ్యాహ్నం వరండాలో ఎదురుపడితే "భోజనమైందా మాస్టారూ?" అని ఆవిడ అడగడం, "అయిందండీ" అని ఈయన తల దించుకోవడం. ఆ చెప్పేదేదో కిందే చెప్పేస్తే ఏం పోయేది మహానుభావా! పైకొచ్చి చెప్పమంది కదాని ఆయన కింద నోరు విప్పలేదు. ఆవిడా పంతం వదల్లేదు, ఇంకొకర్ని చేసుకోనూలేదు.

ఇవాళ ఆవిడ రిటైరవుతోంది. సాయంత్రం ఐదింటి రైలుకి చెల్లెలి ఊరు వెళ్లిపోతుంది, ఇక రాదు. మాస్టారి క్లాసులో ఇవాళే అవకాశ వ్యయం.

"ఒక సినిమాకి వెళ్లారనుకోండి..." అని ఆయన ఎత్తుకోగానే ముందు బెంచీలోంచి సందేహాల పిల్ల లేచింది.

"ఆ సినిమా మా అన్నయ్య నోట్సులోనూ ఉంది మాస్టారూ. మీ జీవితంలోది ఒకటి చెప్పండి."

"నాదా? నాకేం ఖర్చయిందమ్మా? ఇటు కదల్లేదు, అటు కదల్లేదు. చిల్లిగవ్వ పోలేదు."

"కదలకపోవడమూ ఎంచుకోవడమే కదండీ? దానికోసం ఏం వదిలేశారు?"

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. వెనక బెంచీవాళ్లు కూడా నిద్ర లేచి చూస్తున్నారు.

"రోజూ ఒకావిడతో కలిసి అన్నం తినడం" అన్నారు. "ఇరవై ఏడేళ్లు వదిలేశానమ్మా." ఆయనకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మో! చాలా ఖరీదు మాస్టారూ" అంది సందేహాల పిల్ల మెల్లిగా.

పాఠం సగంలో వదిలేసి ఆయన బయటికి నడిచారు. మెట్ల దగ్గర అత్త, అలవాటు కొద్దీ, జబ్బ పట్టుకోవడానికి చీపురు పక్కన పెట్టి సిద్ధంగా నిలబడింది. ఈసారి ఆయన ఏమీ వల్లెవేయలేదు. కాలు పెట్టారు. మెట్టు నిలబడింది.

"వెళ్లండి బాబూ, వెళ్లండి! వెనక్కి చూడకండి!" అంది అత్త.

మిగతావన్నీ ఆయనకి ఎప్పుడో వచ్చిన పాఠాలే. అంతస్తుకోసారి ఆగి రొప్పుతూ ముప్ఫై ఆరూ ఎక్కేశారు.

మేడమ్ పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. బల్ల మీద మూత తీయని కారియరు, దాని కింద రైలు టికెట్టు. గుమ్మంలో మాస్టారిని చూసి చేతిలో పుస్తకం పక్కన పెట్టింది.

"ఆలోచించారా?"

చెప్పాల్సిన మాటలన్నీ రొప్పులో కలిసిపోయాయి. ఆయన నోటివెంట ఒకటే వచ్చింది. "మీ... మీ భోజనమైందా అండీ?"

"అవలేదు!" ఆవిడకి కోపమూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి. "ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారైనా నన్ను తిరిగి అడిగారా మీరు?"

అంటూనే రెండో కుర్చీ లాగింది. కారియరు ఇవతలికి జరుపుతుంటే టికెట్టు జారి బల్ల కిందికి వెళ్లిపోయింది. ఇద్దరూ చూశారు. ఎవరూ వంగలేదు.