పిల్లి మింగిన సూది

పొద్దున్నే దర్జీ చెల్లెలు సూదులన్నీ లెక్కచూసి వాటి దిండుకు గుచ్చుతోంది. ఆ ఇంట్లో అదొక కట్టుబాటు. చేతిసూది ఒక్కటి తగ్గినా ముందు అది దొరకాలి, ఆ తర్వాతే మిషన్ తిరగాలి. ఇవాళ ఒకటి తగ్గింది. చాప దులిపింది, గుడ్డపీలికల మూట విప్పి చూసింది. అంతలో మిషన్ కిందనుంచి బొత్తాం బయటికొచ్చింది.

బొత్తాం అంటే పిల్లి. ఒళ్లంతా తెలుపు, నుదుటిమీద మాత్రం గుండ్రంగా ఒక నల్లమచ్చ. దాని నోట్లోంచి నల్లదారం వేలాడుతోంది.

చెల్లెలు వద్దనేలోపే అన్న వంగి, చొక్కా అంచున మిగిలిన పోగును లాగినట్టు చటుక్కున లాగేశాడు. దారం తెగి చేతికొచ్చింది. సూది రాలేదు. పిల్లి గట్టిగా అరిచి మూలకు పోయి ముడుచుకుంది.

దాన్ని బుట్టలో పెట్టుకుని ఆమె దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి కాంపౌండరు బుట్ట మూతైనా తీయకుండా, పాలిచ్చేదేనా అని అడిగి తన మాటకు తానే నవ్వుకున్నాడు. ఆమె నవ్వలేదు, కదల్లేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది. చివరికి అతనే విసుగెత్తి, బస్టాండు అవతల పిల్లుల్నీ కుక్కల్నీ చూసే డాక్టరమ్మ ఉందని చెప్పాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూసింది.

"దారం ఎవరైనా లాగారా?"

"దర్జీ ఇల్లండీ. వేలాడే దారం కనబడితే చెయ్యి ఊరుకోదు."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. సూది గొంతులో అడ్డంగా గుచ్చుకుందనీ, సాయంత్రం లోపల ఆపరేషన్ చెయ్యకపోతే బతకదనీ చెప్పింది. తన ఫీజు తగ్గించుకుంటానంది గానీ, మందుల ఖర్చు మాత్రం ముందే కట్టాలంది.

అంత డబ్బు చెల్లెలు ఎన్నడూ చేత్తో పట్టుకోలేదు. ఇంటికొచ్చి సంగతి చెబితే, ఆ డబ్బుతో మిషన్‌కు మోటారే వస్తుందనీ, వీధిలో పిల్లులకేం కరువనీ అన్నాడు అన్న. అయితే ఇన్నాళ్లూ తాను కుట్టిన కాజాలకు కూలి ఇమ్మని అడిగిందామె. అతను నిజంగానే తెల్లబోయాడు.

"ఇంటి మనిషికి కూలేంటే? తిండి పెట్టట్లేదా?"

"తిండి బొత్తానికీ పెడుతున్నాం అన్నయ్యా. దానికి కాజాలు కుట్టడం రాదు, అంతే తేడా."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్న వినిపించుకోనట్టు, హోటల్ పనివాళ్ల కోట్ల దొంతర చెల్లెలి ముందుకు జరిపాడు. అన్నీ కుట్టి ఉన్నాయి, కాజాలే మిగిలాయి.

ఎదురుకొట్టు దర్జీ కనబడినప్పుడల్లా, ఆ పిల్ల చేతులు నాకివ్వవయ్యా అని వేళాకోళమాడేవాడు. అన్న ఆ మెప్పు తనదే అనుకుని మురిసిపోయేవాడు. చెల్లెలు బుట్టను వదిన పక్కన పెట్టి రోడ్డు దాటింది. ఇకమీదట మీకే కాజాలు కుడతానంటే ఎదురుకొట్టాయన మొదట హాస్యమనుకున్నాడు. కాజాకింత అని మాట్లాడుకుని, బయానా ఇప్పుడే ఇవ్వాలని ఆమె అనేసరికి, కళ్లజోడు తీసి మెల్లగా సొరుగు లాగాడు.

అన్న కిటికీలోంచి అంతా చూశాడు. ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే విరుచుకుపడ్డాడు.

"పోయిపోయి వాడి దగ్గరా? వీధిలో నేనెలా తలెత్తుకోను?"

అంతలోనే గొంతు తగ్గించాడు. "సాయంత్రం హోటల్ వాళ్లొస్తారే. ముందీ కోట్లు కానివ్వు. రేపు పిల్లి సంగతి నేనే చూస్తాను."

రేపటికి పిల్లి ఉండదు. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

చెల్లెలు సూదుల దిండు వైపు వంగింది. కూర్చుంటోందనుకుని అన్న ఊపిరి పీల్చుకున్నాడు. దిండు పక్కనున్న తన వేలితొడుగు తీసి ఆమె వేలికి పెట్టుకుంది. వదిన అప్పటికే కోట్ల లైనింగు గుడ్డలోంచి మెత్తటి ముక్క కత్తిరించి బొత్తాం కింద పరిచింది. మొగుడు చూస్తుండగానే బుట్ట అందించింది.

చెల్లెలు బుట్టను గుండెకు పొదువుకుని, కోట్ల దొంతరను దాటుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.