అందరికీ కనిపించిన అమీబా

నేను ఒక మైక్రోస్కోపును. పుస్తకాల్లో సూక్ష్మదర్శిని అంటారు. ఆ పేరు పెట్టి పిలిస్తే నాకు సిగ్గుగా ఉంటుంది, వద్దు.

అంబాలాలోని ఓ కార్ఖానాలో పుట్టి, గడ్డి పరిచిన పెట్టెలో విజయనగరం జిల్లాలోని ఓ బాలికల గురుకులానికి వచ్చాను. మొదటి హెడ్మాస్టరు నన్ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తర్వాత వచ్చినాయన ఆ తాళాన్ని కాపాడారు. మీరు మంచి కప్పులు చుట్టాల కోసం దాచి, తీరా చుట్టాలొస్తే పగులుతాయని స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇస్తారే, అలాగన్నమాట.

దసరాకు మాత్రం బయటికి తీసి పూజ చేస్తారు. అటెండరు రామునాయుడు భక్తిపరుడు. కిందటిసారి నా ముఖం ఎటుందో తేలక, కింద మెరుస్తున్న కటకాన్నే నుదురనుకుని ఇంత కుంకుమ తడిపి అద్దాడు. ఎవరూ తుడవలేదు. పూజలో పెట్టిన బొట్టు ఎవరు తుడుస్తారు?

ఈ వేసవిలో అమ్మాయిలకు సైన్సు శిబిరం పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు దుప్పట్లతో, చెగోడీల డబ్బాలతో దిగి హాస్టల్లోనే మకాం పెట్టారు. నాలో చూసినదాన్ని అందరిలోకీ బాగా బొమ్మ గీసిన పిల్లను విశాఖపట్నంలో జరిగే పెద్ద శిబిరానికి పంపుతామన్నారు. అక్కడ టెలిస్కోపు ఉందని విన్నప్పట్నుంచీ పైడితల్లి అనే తొమ్మిదో తరగతి పిల్లకు అన్నం సయించడం లేదు.

సైన్సు చెప్పే సుగుణావతి మేడం తొట్టి నీళ్ళు ఒక చుక్క గాజుపలక మీద వేసి నా కింద పెట్టారు. "అమీబా. ఒక్కొక్కరే చూడండి. ఏదీ ముట్టుకోకండి."

మొదటి పిల్లకు ఎర్రటి మసక, అందులో తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. "ఎర్రగా ఉంది మేడం."

"అదే. తర్వాతెవరు?"

ఇక వరసలో అందరికీ అమీబా కనిపించింది. వెళ్ళి పాఠంలోని బొమ్మను శ్రద్ధగా దించుకున్నారు. పైడితల్లి మాత్రం ఎర్రటి గుండ్రం గీసి, అందులో నాలుగు నల్లగీతలు పెట్టింది.

"ఏమిటే ఇది?"

"నాకు కనిపించిందదే మేడం."

"సీపురుపుల్లలేటే?" అంది వెనక నుంచి దాని స్నేహితురాలు జయంతి. అందరూ నవ్వారు.

"ఇంతమందికి కనిపించింది నీకొక్కదానికే కనపడలేదా?"

"మీరోపాలి సూడండి మేడం."

మేడం వంగి చూశారు. చాలాసేపు చూశారు. 'ఏమీ లేదే' అంటే సరిపోయేది. కానీ 'అదే, అదే' అంటూ వరసంతా నడిపించిన నోటికి ఆ మాట ఎలా వస్తుంది? నన్ను కరిగించి బిందెగా పోత పోసినా బాగుండునని అప్పుడనిపించింది నాకు. బిందెలో ఏమీ లేకపోతే ఏమీ లేదనే చెబుతారు.

మేడం తలెత్తారు. "చక్కగా కనిపిస్తోంది. భోజనాల లోపు సరిగ్గా గీసి ఇవ్వు. లేకపోతే నీ పేరు పంపను."

పైడితల్లి మరోసారి నాలోకి చూసింది. నేను చూపించగలిగింది అదే ఎర్రటి మసక. ఆ పిల్ల రబ్బరు తీసుకుని గుండ్రం చెరిపేసింది. తర్వాత పుస్తకమైనా తెరవకుండా, ముచ్చటైన అమీబాను గీసింది. దాన్ని మించిన బొమ్మ ఇంకొకటి రాలేదు. విశాఖపట్నానికి దాని పేరే వెళ్ళింది.

సాయంత్రం మేడం నన్ను లోపల పెడుతుంటే, శిబిరం ముగిసి గుమ్మం దగ్గరే సంచులు సర్దుకుంటున్న జయంతి పైడితల్లిని అడిగింది: "నిజం సెప్పవే, నీకు కనిపించిందేటి?"

"కనిపించిందే," అంది పైడితల్లి, దుప్పటి మడతపెడుతూ. "కదిలింది కూడాను."

మేడం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత బీరువాకు తాళం వేసి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూశారు.