కాటా ఎక్కిన డ్రైవరు

మా ఆయన చేతిలో పడ్డ కారు ట్రాక్ మీద గాలితో పందెం వేస్తుంది. నా మొగుడని చెప్పడం లేదు, గిట్టనివాళ్లు కూడా ఒప్పుకునే మాటే. కానీ ఆయనకు ఒక చాదస్తం ఉంది. రేసుకు ముందు నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, ముందు ఎంత బరువు పడుతోందో, వెనక ఎంత పడుతోందో చూస్తాం. అప్పుడు డ్రైవరు సీట్లో ఆయనే కూర్చుంటారు. కారు కట్టినవాడే కూర్చోవాలని ఆయన గురువు చెప్పాడట. గురువు మాట ఆయనకు వేదం.

కారు మా అన్నయ్యది, నడిపేది మా అమ్మాయి. ఈ సీజనంతా ఒకటే గొడవ. పొడవాటి దారి చివర, మలుపుకు ముందు గట్టిగా బ్రేకు తొక్కగానే కారు వెనక భాగం పక్కకు జారి, గిర్రున తిరిగి గడ్డిలోకి పోతోంది. "ఆడపిల్ల కదా, కాలు వణుకుతోంది" అని పక్క షెడ్డు వాడొకడు నాకు వినపడేటట్టే అన్నాడు. నా చేతిలో పానా ఉంది. వాడి అదృష్టం బాగుండి మా ఇద్దరి మధ్యా టైర్ల గుట్ట ఉంది.

ఆ రోజు ప్రాక్టీసుకు అన్నయ్య ఇంకో డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు.

"అమ్మాయ్, ఇవాళ మళ్లీ తిరిగిందంటే రేపు రేసులో ఇతనే కూర్చుంటాడు. ఏమీ అనుకోకు," అన్నాడు.

ఏడుస్తుందనుకున్నాను. నా అంచనా తప్పింది.

"సరే మామయ్యా. ముందు నన్ను కాటా వెయ్యండి."

"నిన్నెందుకే? పొద్దున్నే నేను కూర్చుని చూశా కదా!" అన్నారు మా ఆయన.

"నీ బరువెంత, నా బరువెంత నాన్నా? పైగా నీ పొట్టకి స్టీరింగు తగలకూడదని సీటు వెనక్కి నెట్టుకుంటావ్. కాళ్లందవని నేను ముందుకి లాక్కుంటాను. నువ్వు తూచిందొక కారు, నేను తోలేదొక కారు."

షెడ్డులో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు, ఆ పొట్ట నా వంట పుణ్యమే అన్నట్టు.

మా ఆయన మొహం ఎర్రబడింది. "గురువుగారు చెప్పింది..." అని మొదలుపెట్టారు.

"ఆయన బతికుంటే ఆయన్నీ కూర్చోబెట్టి తూచేదాన్ని. మీరు జరగండి," అని నేనే కాటాలు లాగాను.

పిల్ల సీట్లో కూర్చుంది. వెనక కాటాల మీద అంకెలు మేం నమ్ముకున్నదానికంటే బాగా తక్కువ చూపించాయి. మా ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. అంకెలు మారలేదు.

నాకూ అప్పుడే బోధపడింది. బ్రేకు తొక్కితే, బస్సులో నిలబడ్డవాళ్లలా కారు బరువు ముందుకు తూలుతుంది. వెనక చక్రాలు తేలికవుతాయి. మేమేమో పొట్టతో కలిపి తూచి, ఆ లెక్కన వెనక బ్రేకుకు బలం ఇచ్చాం. తేలికైన చక్రాలు ఆ బలానికి బిగుసుకుపోయి జారుతున్నాయి. పిల్ల కాలు ఏనాడూ వణకలేదు. మా బుర్రలే పనిచెయ్యలేదు.

వెనక బరువు పెరగాలని ఆయన ముందున్న బ్యాటరీ విప్పి డిక్కీలో బిగించారు. వెనక బ్రేకు బలం తగ్గించే నాబ్ మీద చెయ్యి వేసి, ఆగి, "ఎంత తిప్పమంటావమ్మా?" అని కూతుర్ని అడిగారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కారు గురించి ఒకర్ని అడగడం నేను చూడలేదు.

అందరం ఆ మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాం. మిగతా కార్లు బ్రేకు తొక్కే చోటు దాటి వచ్చేసింది పిల్ల. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు తొక్కింది. కారు ముక్కు కిందికి వంగింది, వెనక భాగం మాత్రం కదల్లేదు. గీత గీసినట్టు వచ్చి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

"ఇంత ఆలస్యంగా నేను తొక్కలేనండీ," అన్నాడు కొత్త డ్రైవరు. మంచి మనిషి, నిజం చెప్పాడు.

"రేపు సీటు దానిదే," అని అన్నయ్య లోపలికి రమ్మని పిల్లకు చెయ్యి ఊపాడు.

అది రాలేదు. ఇంకో చుట్టు తిరిగి వచ్చి, ఈసారి మలుపుకు ఇంకా దగ్గరికొచ్చి తొక్కింది.

"చాలే, బ్రేకులు మాడిపోతాయే!" అని మా ఆయన కేక పెట్టారు.

"మాడనివ్వండి," అన్నాను. గర్వంతో నా గొంతు నాకే కొత్తగా ఉంది. పక్క షెడ్డు దాకా వినపడాలని ఇంకా గట్టిగా అన్నాను. "అది నా కూతురు. ఎప్పుడు ఆపాలో దానికి తెలుసు."