ఆఖరి జెండా

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నోట్లో ఒకటే మాట: "మెల్లగా! మెల్లగా!" నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని, ఎందరికో నెమ్మది నేర్పిన మనిషి. అలాంటాయన కాళ్ళకి ఆ ఆదివారం ఏం రోగం వచ్చిందో వినండి.

ఏటా జరిగే ఇరవయ్యొక్క కిలోమీటర్ల పరుగులో రన్నింగ్ క్లబ్బువాళ్ళు ఆయన వీపుకి ఓ జెండా కట్టారు. దాని మీద 'రెండున్నర గంటలు' అని రాసి ఉంది. ఆ జెండా మోసేవాణ్ణి పేసర్ అంటారు. ఆయన గెలవక్కర్లేదు. మొదటి నుంచీ ఒకే వేగంతో పరిగెత్తి, జెండా మీదున్న టైముకి గీత దాటితే చాలు, నమ్మి వెనకాల వచ్చినవాళ్ళూ గట్టెక్కుతారు. ఆలస్యమైనా తప్పే, ముందు చేరినా తప్పే. రెండున్నర గంటలు దాటగానే పతకాలివ్వడం ఆపేస్తారు కాబట్టి అది ఆఖరి జెండా.

ఆ జెండాని అందరికన్నా ఎక్కువ నమ్ముకున్నది ఆయన సొంత బావమరిది. బేకరీలో ఓవెన్ దగ్గర పని. ఇంట్లో అందరూ పిలిచేది సగంగాడు అని. కంప్యూటర్ కోర్సు సగంలో ఆపాడు, జిమ్ము సగంలో ఆపాడు, గిటారు కొన్నాడు గానీ తీగలు బిగించడంతోనే సరి. "వీడు పూర్తిచేసేది కంచంలో అన్నం ఒక్కటే" అని కన్నతల్లే అంటుంది. పైకి నవ్వేస్తాడు పాపం. అలాంటివాడు ఓరోజు బావ దగ్గరికొచ్చి, చేతికంటిన పిండి దులుపుకుంటూ అడిగాడు.

"బావా, ఒక్కటంటే ఒక్కటి పూర్తిచేసి ఆ పతకం అమ్మ చేతిలో పెట్టాలని ఉంది. నావల్ల అవుతుందంటావా?"

"నా జెండా వదలకుండా రా. మిగతాది నేను చూసుకుంటా."

"మాట తప్పవుగా?"

"ఒరేయ్, నేనెప్పుడైనా తప్పానా?"

అప్పట్నుంచీ వాడు డ్యూటీ దిగగానే నిద్రకళ్ళతో వచ్చి బావ వెనక పరిగెత్తేవాడు. ఒళ్ళు తగ్గింది, సిగరెట్టు మానేశాడు. పరుగు రోజున చేతికి వాచీ కూడా పెట్టుకోలేదు. బావ ఉండగా తనకెందుకట.

సగం దూరం దాకా అంతా చక్కగా నడిచింది. జెండా వెనక ఓ చిన్న గుంపు, అందులో వీడు, జోకులు, నవ్వులు. రోడ్డు మలుపు తిరిగాక, దూరంగా తమ ముందు జెండా, రెండుంబావు గంటలది, కనబడింది. అది మందుల షాపాయనది. క్లబ్బు మీటింగులో అందరి ముందూ, "ఆఖరి జెండా మన మాస్టారికివ్వండి, నిద్రలో నడిచినా సరిపోతుంది" అన్న పెద్దమనిషి. అప్పుడు మాస్టారు కూడా పళ్ళికిలించాడు గానీ, ఆ మాట ఇంకా లోపల మండుతూనే ఉంది. ఇప్పుడా మందుల షాపాయన నడుం పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ పోతున్నాడు! కాస్త దగ్గరికెళ్ళి ఒకసారి మొహం చూపిద్దామనుకున్నాడు మాస్టారు. కాస్తేమిటి నా బొంద! అడుగు పెరిగింది, మళ్ళీ పెరిగింది. జెండాని నమ్మిన పిచ్చివాళ్ళు, ఇదే సరైన వేగమనుకుని వాళ్ళూ పెంచి, ఒక్కొక్కరే ఆయాసపడి వెనకబడ్డారు.

బ్రిడ్జి మీద వెనకనుంచి పిలుపు వచ్చింది. "బావా! డొక్కలో పట్టేసింది. బావా, కాస్త ఆగు!"

మాస్టారు ఆగలేదు. వాడే వచ్చేస్తాడులే అనుకున్నాడు. మందుల షాపాయన చెయ్యందేంత దూరంలో ఉన్నాడు మరి.

ఆయన్ని దాటేశాడు. దాటుతూ నవ్వాడు కూడా. రొమ్ము విరుచుకుని గీత దాటేసరికి చప్పట్లు మోగాయి. అంతలో మైకులో కుర్రాడు, "ఆఖరి జెండా ఎనిమిది నిమిషాలు ముందే వచ్చేసిందండోయ్! జెండా వచ్చింది, జనం ఏరండీ?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా మందుల షాపాయన తప్ప రోడ్డంతా ఖాళీ. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

వెనక్కి పరిగెత్తబోతే కాళ్ళు సహకరించలేదు. గడియారం రెండున్నర దాటింది. పతకాల పెట్టెకి మూతేశారు. బల్ల మడిచేశారు. ఆ తరవాతెప్పుడో వచ్చాడు సగంగాడు, డొక్క పట్టుకుని, కుంటుకుంటూ. వాడికి చప్పట్లు కొట్టడానికి కూడా ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ మిగల్లేదు.

ఫోటో తీద్దామని ఫోను పట్టుకుని పొద్దుట్నుంచీ నిలబడ్డ అత్తగారు దాన్ని సంచిలో పెట్టేసింది. "ఇది కూడానా నాయనా?" అంది.

"రాత్రి ఎక్కువ తినేశానమ్మా, అందుకే డొక్క పట్టేసింది. బావ మాత్రం ఏం చేస్తాడు?" అన్నాడు వాడు.

మాస్టారు ముందుకొచ్చాడు. "కాదండీ అత్తగారూ, తప్పు నాది. పక్కవాడి మీద పంతంతో నేనే తొందరపడ్డాను."

"చూశావుటే మీ ఆయన మంచితనం?" అత్తగారు కూతురి భుజం తట్టింది. "వీడి తప్పు కూడా తన నెత్తినేసుకుంటున్నారు!"

"మీ బావని చూసైనా నేర్చుకోరా" అంది ఆయన భార్య తమ్ముడితో. వాడు తలూపాడు. ఆ పొగడ్త కన్నా చెంప మీద రెండు తగిలించినా బాగుండేదనిపించింది మాస్టారికి.

ఆడవాళ్ళు మంచినీళ్ళ సీసాలు తేవడానికి వెళ్ళారు. మాస్టారు జెండా విప్పి కారు డిక్కీలో పడేస్తుంటే వాడు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"బావా, బ్రిడ్జి మీద పిలిచాను. గాలికి వినబడి ఉండదులే."

పాపం, జవాబు కూడా వాడే అందించాడు. అవునంటే అయిపోయేది. మాస్టారు డిక్కీ లోపలికే చూస్తూ చెప్పాడు.

"వినబడిందిరా. రెండుసార్లూ వినబడింది."

వాడు వెళ్ళి కారు వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ బావ పక్క సీటు కోసం అక్కతో కొట్లాడేవాడు వాడు.

అత్తగారు వచ్చి చూసి ఆశ్చర్యపోయింది. "అదేంట్రా, ముందు కూర్చోవూ?"

"కాళ్ళు చాపుకోవాలమ్మా" అన్నాడు వాడు, ముడుచుకుని కూర్చునే.

మాస్టారు కారు స్టార్ట్ చేశాడు. ఇంటిదాకా మెల్లగా నడిపాడు.